గిన్నెకోడి గుడ్లు – ఇంటి పొదుగుపెట్టె



ఈనాడు మీతో ముచ్చటించదలచిన విషయం గిన్నెకోడి గుడ్లను గురించి. ఆ గుడ్లను ఇంటి దగ్గరే ఒక చిన్న పొదుగుపెట్టెలో ఉంచి పిల్లలను లేపడం ఎట్లాగో చెప్పుకుందాం. పొదుగుపెట్టె అంటే ఇంక్యుబేటరు. హేచరీలలో గదంత ఉండే యంత్రం కాదు. 50, 60 గుడ్లు పట్టే చిన్న పెట్టె. ఈ మధ్య పల్లెల్లో దీనిని కొనేవారు పెరిగారు. కొందరు యువకులు థర్మోకోలు పెట్టెతో తామే తయారు చేసుకుంటున్నారు కూడా. మంచిదే. కాని కొన్నవారిలో పలువురు మొదటి విడతకే విసిగిపోయి పెట్టెను అటకమీద పడేస్తున్నారు. "60 గుడ్లు పెడితే 10 పిల్లలు లేవలేదండీ, ఇది మోసపు యంత్రం" అంటారు.

యంత్రం మోసం చేయలేదు. కోడి గుడ్లమీద కూర్చుని చేసే పనులు అయిదు. వెచ్చదనమిస్తుంది, గుడ్లను తిప్పుతుంది, చెమ్మ నిలుపుతుంది, గాలి తగలనిస్తుంది, కాపలా కాస్తుంది. చవక పెట్టె ఈ అయిదింటిలో ఒక్కటే చేస్తుంది, వెచ్చదనం ఇస్తుంది. తక్కిన నాలుగూ మన చేతిమీదుగా జరగాలి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే ఈ ప్రసంగంలో సగం అర్థమైనట్లే.

అసలు గిన్నెకోడి ఎందుకు? ఇది ఆఫ్రికా ఖండపు పక్షి. ఎండకు ఓర్చుకుంటుంది. నాటుకోళ్ళను ఊడ్చుకుపోయే తెగుళ్ళు దీనిని అంతగా బాధించవు. పొలంలో తిరిగి మిడతలు, చెదలు, గోమార్లు ఏరుకు తింటుంది. పాము కనిపించినా, కొత్త మనిషి వచ్చినా ఊరంతా వినబడేటట్లు అరుస్తుంది. దీని మాంసానికి గిరాకీ ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ కేంద్ర పక్షి పరిశోధనాలయం వారు కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అనే మూడు రకాలను రూపొందించారు.

ఇన్ని సుగుణాలున్న ఈ పక్షికి ఒక లోపం ఉంది. తల్లిగా ఇది అంత నమ్మదగినది కాదు. పెంట్లో గూడు కట్టిపెట్టినా అందులో పెట్టక, ఏ జమ్ము దుబ్బులోనో, చెరకు తోటలోనో దాచి పెడుతుంది. పొదిగి పిల్లల్ని లేపినా వాటిని తెల్లవారుజామున మంచు గడ్డిలో వెంట తిప్పుకుంటుంది. తడిసి చలిపట్టి పిల్లలు ఒక్కొక్కటే రాలిపోతాయి. అందుకే మనవాళ్ళు దీని గుడ్లను నాటుకోడి కింద పెట్టడం అలవాటు. నాటుకోడి మంచి తల్లే. కాని ఒక కోడి 15, 18 గుడ్లకు మించి కప్పలేదు. గిన్నెకోడి గుడ్డుకు 26 నుంచి 28 రోజులు పడుతుంది. 21 రోజుల లెక్కకు అలవాటుపడిన కొన్ని కోళ్ళు మధ్యలోనే లేచిపోతాయి. పైగా గిన్నెకోళ్ళు గుడ్లు పెట్టే కాలంలో పొదుగుకు వచ్చిన నాటుకోడి మన దొడ్లో సిద్ధంగా ఉండాలని ఎక్కడుంది? కనుక పెట్టె అవసరమైంది.

ఇక పని మొదలుపెడదాం. పని పెట్టెతో మొదలుకాదు, గుడ్డుతో మొదలవుతుంది.

పొల్లు గింజ చల్లితే మొలక రాదు గదా! అట్లాగే పుంజు కలవని గుడ్డును 28 రోజులు కాదు, 280 రోజులు ఉంచినా పిల్ల లేవదు. నాలుగైదు గిన్నెపెట్టలకు ఒక పుంజు తప్పక ఉండాలి. ఈ జాతిలో పుంజును, పెట్టను రూపం చూసి గుర్తుపట్టడం కష్టం. గొంతు విని గుర్తుపట్టండి. రెండు ముక్కలుగా, "క – క్రాక్, క – క్రాక్" అన్నట్లు పదేపదే పిలిచేది పెట్ట. పుంజు ఆ రెండు ముక్కల పిలుపు పిలవదు. ఒక్క ముక్క అరుపే అరుస్తుంది. మార్కెట్లో తినడానికి అమ్మే గుడ్లు కొని పెట్టెలో పెట్టవద్దు. వాటి తల్లిదండ్రులెవరో, ఎన్నాళ్ళ క్రితం పెట్టినవో మనకు తెలియదు.

గుడ్లను రోజుకు రెండు మూడు సార్లు ఏరాలి. మరీ చిన్నవి, మరీ పెద్దవి, పెంకు నెర్రలిచ్చినవి, వంకర ఆకారం ఉన్నవి కూరకు వాడుకోండి. పొదుగుకు పెట్టే గుడ్డును నీటితో కడగవద్దు. పెంకుమీద కంటికి కనబడని సన్నని పొర ఒకటి ఉంటుంది. అది లోపలికి సూక్ష్మజీవులు పోకుండా కాపాడుతుంది. కడిగితే ఆ పొర పోతుంది. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి. మరీ మురికి గుడ్డయితే పక్కన పెట్టేయండి.

ఇప్పుడు మన ప్రాంతానికి సంబంధించిన అసలు చిక్కు చెబుతాను, జాగ్రత్తగా వినండి. పొదుగుకు పెట్టేలోపల గుడ్డు నిద్రలో ఉండాలి. సుమారు 20, 21 డిగ్రీల సెంటీగ్రేడు వేడి దాటితే లోపలి బీజం నెమ్మదిగా ఎదగనారంభిస్తుంది. పొదుగుకు కావలసిన వేడి అది కాదు కాబట్టి ఆ ఎదుగుదల అరకొరగా సాగి, బీజం నీరసించి, కొన్నాళ్ళకు చనిపోతుంది. చల్లని దేశాల పుస్తకాలలో "గుడ్లను గదిలో వారం రోజులు ఉంచవచ్చు" అని రాస్తారు. వారి గది వేరు, మన గది వేరు. వైశాఖ మాసంలో పల్నాటిలోనో, అనంతపురంలోనో రేకుల ఇంట్లో గూటిమీద పెట్టిన గుడ్డు అయిదో రోజుకే సగం పాడవుతుంది. గిన్నెకోడి గుడ్లు పెట్టేది సరిగా ఎండకాలం నుంచి వానకాలం వెళ్ళేదాకా. అందుచేత ఈ నష్టం మనకే ఎక్కువ. పెట్టెలో పెట్టకముందే చచ్చిపోయిన గుడ్డుకు పెట్టెను నిందించి లాభమేమి?

ఏం చేయాలంటారా? ఖర్చులేని ఉపాయముంది. ఇంట్లో చల్లని మూల చూసి తడి ఇసుక గుట్ట పోయండి. అందులో కొత్త మట్టికుండను మెడదాకా పాతండి. కుండ అడుగున పొడి వరిగడ్డి పరచి, గుడ్లను సన్నకొన కిందికి, లావుకొన పైకి ఉండేటట్లు పేర్చండి. మూతిమీద పలుచని గుడ్డ కట్టండి. పూటపూటకూ ఇసుకను తడుపుతూ ఉండండి. నీరు ఆవిరవుతూ కుండను చల్లబరుస్తుంది. అయినా ఎండకాలంలో నాలుగు రోజులకు, చల్లని కాలంలో ఏడు రోజులకు మించి గుడ్లను నిలవచేయవద్దు. ఫ్రిజ్జులో పెట్టవచ్చునా అని కొందరు అడుగుతారు. అది మరీ చల్లన; బీజానికి మంచిది కాదు.

ఇక పెట్టె సంగతి. కొన్నదైనా, చేసుకున్నదైనా దాంట్లో ఉండవలసినవి ఇవి. వేడినిచ్చే బల్బు లేదా తీగ, వేడి ఎక్కువైతే ఆపి, తక్కువైతే వెలిగించే థర్మోస్టాటు, గాలిని తిప్పే చిన్న పంకా, నీళ్ళ పళ్ళెం, గుడ్లకు వలతట్ట, గాలి వచ్చిపోయే రంధ్రాలు. ఒక మాట గుర్తుంచుకోండి. ఎల్.ఇ.డి. బల్బు వెలుతురిస్తుంది గాని గుడ్లకు చాలినంత వేడి ఇవ్వదు. లోపల తీగ ఎర్రబడే పాతరకం బల్బు గాని, వేడినిచ్చే తీగ గాని కావాలి. ఆ బల్బు థర్మోకోలుకు ఆనరాదు. థర్మోకోలు నిప్పంటుకునే వస్తువు. బల్బు చుట్టూ రేకు మరుగు పెట్టండి. తీగల అతుకులు బయట పడకుండా చూడండి. పక్కనే నీళ్ళ పళ్ళెం ఉంటుంది కాబట్టి కరెంటు ఆపకుండా, తడిచేతులతో లోపల తాకవద్దు. పిల్లల సంగతి తరువాత, ముందు మన ఇల్లు క్షేమంగా ఉండాలి.

పెట్టెను ఎక్కడ పెట్టాలి? యంత్రానికి వేడి చేయడం తెలుసు, చల్లార్చడం తెలియదు. బయటి గది వేడి 40 డిగ్రీలుంటే పెట్టె లోపల 37 ఎట్లా నిలుస్తుంది? బల్బు ఆరిపోయి ఉన్నా వేడి పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి రేకుల కింద, కిటికీ ఎండలో, పొయ్యి పక్కన పెట్టవద్దు. మట్టిగోడల ఇల్లు, పెంకుటిల్లు, మిద్దె కింది నడిమిగది శ్రేష్ఠం. మధ్యాహ్నం గది వేడి 33, 34 డిగ్రీలు దాటకుండా నిలపగలరేమో ముందే చూసుకోండి. నిలపలేకపోతే రోహిణీ కార్తె ఎండలలో పెట్టె ముట్టించకండి. తొలకరి పడ్డాక మొదలుపెట్టండి. ఆ రోజుల గుడ్లు అమ్ముకుంటే డబ్బయినా వస్తుంది.

గుడ్లు పెట్టడానికి ముందు ఖాళీ పెట్టెను రెండు పగళ్ళు, రెండు రాత్రులు నడపండి. ఈ పనిని ఎవరూ ఎగవేయరాదు. ఉదయం, మధ్యాహ్నం, నడిరేయి, తెల్లవారుజామున వేడి ఎంత ఉందో కాగితంమీద రాయండి. నిలకడగా ఉంటేనే గుడ్లు పెట్టాలి.

అయితే ఆ వేడి చూపే సాధనం నిజం చెబుతున్నదా? ఈజిప్టు దేశంలో వేల ఏండ్లుగా మట్టి ఇటుకల కొట్లలో నిప్పు వేడితో కోడిగుడ్లను పొదిగిస్తూ వచ్చారు. వారికి థర్మామీటరు లేదు. గుడ్డును కనురెప్పకు ఆనించుకుని వేడి తెలుసుకునేవారు. తరతరాల అనుభవం మీద అది సాధ్యమైంది. మనకు ఆ అనుభవం లేదు కనుక సాధనంమీద ఆధారపడాలి, సాధనాన్ని పరీక్షించుకోవాలి. జ్వరం చూసుకునే థర్మామీటరు ఒకటి తెచ్చుకోండి. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, అందులో జ్వరం థర్మామీటరు కొనను, పెట్టె థర్మోస్టాటు తీగ కొనను పక్కపక్కన ఉంచండి. రెండూ ఒకే అంకె చూపాలి. ఒక డిగ్రీ తేడా ఉంటే ఆ తేడాను లెక్కలో కలుపుకోండి. పెట్టెలో ఒక డిగ్రీ అంటే చిన్నమాట కాదు. 28 రోజుల పొదుగులో అది పిల్లలకూ, చచ్చిన గుడ్లకూ మధ్య తేడా.

గాలిలో తేమను చూపే సాధనానికి కూడా పరీక్ష ఉంది. చిన్న మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీటితో ముద్దచేయండి. ఉప్పు కరిగిపోకూడదు, తడిసి ఉండాలి. దానిని, తేమ సాధనాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టి, ఒక పూట ఉంచండి. సాధనం 75 చూపాలి. 70 చూపితే అది 5 తక్కువ చెబుతున్నదని తెలుసుకోండి.

ఇప్పుడు గుడ్లు పెట్టవచ్చు. పంకా ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే ఫారన్‌హీటులో 99.5 డిగ్రీలు ఉండాలి. పంకా లేని పెట్టెలో వేడి పైన ఎక్కువగా, కింద తక్కువగా ఉంటుంది. అటువంటి దాంట్లో థర్మామీటరును గుడ్ల పైమట్టానికి సరిగా ఉంచి, అక్కడ 38.3 నుంచి 38.9 దాకా, ఫారన్‌హీటులో 101 నుంచి 102 దాకా ఉంచాలి. చల్లని కుండలోంచి తీసిన గుడ్లను వెంటనే పెట్టెలో పెట్టకండి. గదిలో నాలుగైదు గంటలు ఉంచి పెడితే పెంకుమీద చెమట పట్టదు.

తిప్పడం. కోడి తన ముక్కుతో, పొట్టతో గుడ్లను రోజంతా కదుపుతూనే ఉంటుంది. ఎందుకు? లోపలి సొన తేలికై పైకి తేలుతుంది. గుడ్డు ఒకే పక్కన పడి ఉంటే బీజం పైపొరకు అంటుకుపోయి చచ్చిపోతుంది. పెన్సిలుతో ప్రతి గుడ్డుకు ఒక పక్క గుణకార గుర్తు, రెండో పక్క సున్న గుర్తు పెట్టండి. రోజుకు మూడు సార్లో, అయిదు సార్లో తిప్పండి. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రిపూట చాలాసేపు ఒకే పక్కన ఉంటాయి. బేసిసార్లు తిప్పితే నేటి రాత్రి ఒక పక్క, రేపటి రాత్రి రెండో పక్క పైకి వస్తుంది. గిన్నెకోడి గుడ్లను 24వ రోజుదాకా తిప్పాలి. నాటుకోడి గుడ్లయితే 18వ రోజుదాకా. ఎవరు తిప్పాలో ఇంట్లో ఒకరికి అప్పగించండి. "నువ్వు తిప్పావనుకున్నా, నేను తిప్పాననుకున్నా" అనే ఇంట్లో పిల్లలు లేవవు.

తేమ. ఇందులోనే చాలమంది తప్పటడుగు వేస్తారు. గుడ్డులో ఉన్న నీటిలో కొంత, పెంకు రంధ్రాల గుండా ఆవిరైపోవాలి. అప్పుడే లావుకొన వైపు గాలిగది పెద్దదవుతుంది. పిల్ల మొదటి ఊపిరి తీసేది ఆ గాలిగదిలోనే. తేమ మరీ ఎక్కువైతే గాలిగది చిన్నదై, పిల్ల ఊపిరాడక చస్తుంది. తేమ మరీ తక్కువైతే లోపలిపొర ఎండి, పిల్లకు అతుక్కుని కదలనివ్వదు. మొదటి 24 రోజులు నూటికి 50 నుంచి 60 దాకా తేమ చాలు.

అయితే అంకెకన్న నమ్మదగినది తక్కెడ. గిన్నెకోడి గుడ్డు సుమారు 40 గ్రాములు తూగుతుంది. పెట్టే రోజున 20 గుడ్లను కలిపి తూచండి. 800 గ్రాములు వచ్చాయనుకోండి. 24వ రోజుకు అవి సుమారు 700 గ్రాములకు దిగాలి. అంటే రోజుకు 4 గ్రాముల చొప్పున తరుగుతూ ఉండాలి. వారానికోసారి తూచండి. ఏడో రోజుకు 28, 30 గ్రాములు తగ్గితే సరిగా ఉన్నట్లు. 45 తగ్గితే పెట్టె ఎండిపోతున్నది. 15 మాత్రమే తగ్గితే చెమ్మ ఎక్కువైంది. సరిచేయాలంటే పళ్ళెంలో నీటి లోతు పెంచి లాభం లేదు. నీరు ఆవిరయ్యేది పైముఖం నుంచి. కాబట్టి వెడల్పు పళ్ళెం పెడితే తేమ పెరుగుతుంది, చిన్న గిన్నె పెడితే తగ్గుతుంది. గోదావరి లంకల్లో వానల రోజుల్లో నీళ్ళ పళ్ళెం చాలావరకు అవసరమే ఉండకపోవచ్చు. అదే పెట్టెకు రాయలసీమ మెట్టలో రెండు పళ్ళేలు చాలకపోవచ్చు. పక్క జిల్లా చుట్టం చెప్పిన లెక్క మన ఇంటికి సరిపోదు. మన తక్కెడ చెప్పిందే మనకు లెక్క.

గాలి. రంధ్రాలు మూసి వేడిని కాపాడుదామని చూడకండి. గుడ్డులో ఉన్నది ప్రాణి. అది ఊపిరి తీస్తుంది. రోజులు గడిచిన కొద్దీ దానికి గాలి ఎక్కువ కావాలి.

ఎనిమిదో రోజునుంచి పదో రోజులోగా ఒక రాత్రి గుడ్లను దీపపరీక్ష చేయండి. చీకటి గదిలో టార్చిలైటు ముందు అట్టముక్కకు రూపాయంత రంధ్రం చేసి, దానికి గుడ్డు లావుకొనను ఆనించి చూడాలి. గిన్నెకోడి గుడ్డు పెంకు మందం, రంగు ముదురు. కనుక వెలుగు బాగా ఉండాలి. సాలెగూడు కాళ్ళలాగా ఎర్రని నరాలు, మధ్యలో నల్లని చుక్క కనిపిస్తే ప్రాణమున్నట్లు. ఏమీ లేక తేటగా కనిపిస్తే పొల్లు గుడ్డు. ఎర్రని ఉంగరంలాంటి గీత కనిపిస్తే మొలకెత్తి చచ్చిపోయింది. ఈ రెండు రకాలనూ తీసివేయండి. ఉంచితే కుళ్ళి పగిలి, పెట్టెనంతా పాడుచేస్తాయి. సందేహమున్న గుడ్డును మాత్రం ఇంకో అయిదు రోజులు ఉంచి మళ్ళీ చూడండి.

కరెంటు పోతే? పల్లెల్లో ఇది తప్పని ప్రశ్న. గుడ్డు చలికన్న వేడికి త్వరగా చస్తుంది. ఒక గంట, గంటన్నర కరెంటు లేకపోతే కంగారు పడవద్దు. పెట్టె మూత తెరవకుండా ఉంటే చాలు. అంతకుమించితే పెట్టెమీద బొంత కప్పి, లోపల వేడినీళ్ళ సీసా పెట్టండి. రంధ్రాలు మాత్రం మూయవద్దు. చివరి వారంలో గుడ్లే సొంతంగా వేడి పుట్టిస్తాయి. అప్పుడు పంకా ఆగితే ఊపిరాడక, వేడి ఎక్కి చచ్చే ప్రమాదముంది. ఆ రోజుల్లో బొంత కప్పడంకన్న మూతను వేలెడు సందు తెరిచి, గుడ్లను చేత్తో తాకి చూసుకోవడం మేలు.

24వ రోజు అయిపోయాక తిప్పడం ఆపండి. గుడ్లను అడ్డంగా పడుకోబెట్టండి. కింద గోనెగుడ్డ గాని, గరుకు వస్త్రం గాని పరవండి. నున్నని కాగితంమీద లేచిన పిల్లకు కాళ్ళు జారి ఎడంగా విడిపోతాయి. నీళ్ళ పళ్ళెం వెడల్పు చేసి, తేమను 65, 70 దాకా పెంచండి. ఆపైన మూత తెరవవద్దు. ఇక్కడే మన ఓర్పుకు పరీక్ష. పెంకుకు నెర్రపడిన తరువాత పిల్ల బయటికి రావడానికి 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు కూడా పడుతుంది. పిల్ల అరుస్తున్నదని జాలిపడి పెంకు ఒలవకండి. ఆ గంటలలో పిల్ల లోపలి పొర రక్తాన్ని తనలోకి తీసుకుంటుంది, మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది. మధ్యలో ఒలిస్తే రక్తం కారి చస్తుంది. పిల్లలు లేచాక ఆరేదాకా పెట్టెలోనే ఉంచండి. పొట్టలో పచ్చసొన ఉంది కాబట్టి ఒకరోజు మేత లేకపోయినా దానికి కీడు లేదు.

నాటుకోడి గుడ్లను కూడా అదే పెట్టెలో పెట్టదలచినవారు గిన్నెకోడి గుడ్లు పెట్టిన ఆరో రోజున వాటిని చేర్చండి. రెండూ దాదాపు ఒకేసారి లేస్తాయి, మూత మాటిమాటికి తెరవనక్కరలేదు.

లేచిన పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రండి. గంప కింద బల్బు వేలాడదీసి, చుట్టూ అట్ట కడితే సరిపోతుంది. పిల్లలు బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి, దూరంగా పరుగెత్తి నోరు తెరిస్తే వేడి, గంపంతా చెదిరి తిరుగుతుంటే సుఖం. నీళ్ళ మూకుడులో గులకరాళ్ళు వేయండి. లేకుంటే ఈ చిన్నపిల్లలు అందులో పడి మునిగిపోతాయి. మేతలో మాంసకృత్తులు ఎక్కువ కావాలి. కోడిపిల్లల దాణాతోపాటు చెదలు, ఉడికించిన గుడ్డు తురుము పెట్టండి. వెంట లేచిన నాటుకోడి పిల్లలకు ఏడో రోజున కొక్కెర తెగులు టీకా వేయించడం మరవవద్దు. మీ దగ్గరి పశువైద్యశాలలో అడగండి.

పెట్టె చేతికి వచ్చాక కొందరు కుర్రాళ్ళకు ఒక సరదా పుడుతుంది. పొలంలో నెమలి గుడ్లు దొరికాయి, కౌజు గుడ్లు దొరికాయి, పెట్టి చూద్దామంటారు. ఇంగ్లండు, అమెరికా దేశాల్లో నెమలికి చుట్టమైన ఫెజంటు అనే పక్షి గుడ్లను ఇటువంటి పెట్టెల్లోనే 24, 25 రోజులు పొదిగించి పెంచుతారు. అది అక్కడి పెంపకం. మన నెమలి, అడవికోడి, కౌజు అడవి పక్షులు. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గూడును, గుడ్లను కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. కోతలో గూడు కనిపిస్తే చుట్టూ నాలుగు మూరల పైరు వదిలిపెట్టండి, లేదా అటవీశాఖ వారికి కబురు చేయండి. ఇంటికి మాత్రం తేవద్దు.

చివరిగా, ఒక నోటుపుస్తకం పెట్టమని కోరుతున్నాను. గ్రామాల్లో పనిచేసే మా తోటి సిబ్బంది కూడా రైతుచేత ఇది రాయించాలని మనవి. 28వ రోజు దాటాక లేవని గుడ్లను పారేయకండి. ఇంటి వెలుపల ఒక్కొక్కటే పగలగొట్టి చూడండి. ఆ గుడ్డు సంగతి చెబుతుంది. లోపల ఏ ఎదుగుదలా లేకుంటే పుంజు లోపమో, నిలవ లోపమో. మొదటి వారంలోనే చచ్చి ఉంటే గుడ్లు పాతబడ్డాయి, లేదా వేడి ఎగుడుదిగుడైంది. పిల్ల పూర్తిగా తయారై, ముక్కు గాలిగదిలోకి రాకుండా చచ్చి ఉంటే తేమ, గాలి, తిప్పడం, ఈ మూడింటిలో ఏదో కుంటుపడింది. 25వ రోజుకే పిల్లలు లేస్తే వేడి ఎక్కువ; 29 దాటితే వేడి తక్కువ.

60 గుడ్లు పెట్టారనుకుందాం. 10 పొల్లు పోయాయి. మిగిలిన 50లో 35 లేచాయి. అప్పుడు పెట్టె లెక్క 60కి 35 కాదు, 50కి 35, అంటే నూటికి 70. ఆ 10 పొల్లు గుడ్లకు మందలో పుంజులను సరిచేయాలి. లేవని 15 గుడ్లకు పెట్టెను సరిచేయాలి. రెండింటినీ కలిపి చూస్తే మందు ఒక చోట, నొప్పి ఒక చోట అవుతుంది. రెండో విడతకు రాసిపెట్టిన పుస్తకం ముందుంటే, పెట్టె అటకెక్కదు.

పెట్టె కొనదలచినవారు ముందు ఒక పని చేయండి. వారం రోజులపాటు, దానిని పెట్టదలచిన గదిలో థర్మామీటరు వేలాడదీసి, మధ్యాహ్నం మూడు గంటలకు ఎంత వేడి ఉందో రాయండి. ఆ ఏడు అంకెలు చూసుకున్నాక డబ్బు తీయండి.